నియంతకు అండగా నిలిస్తే ప్రజాస్వామ్యానికి బాధ్యత లేదా? 1971 ఢాకా నుంచి నేటి మయన్మార్ వరకు

విశాఖపట్నానికి రెండు జలాంతర్గాములతో సంబంధం ఉంది. ఒకటి ఘాజీ. 1971 డిసెంబర్ మొదటి వారంలో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన ఈ పాకిస్తాన్ జలాంతర్గామి పాత పేరు డయాబ్లో. అది అమెరికా నౌకాదళానిది. జనరల్ అయూబ్ ఖాన్ పాకిస్తాన్‌ను ఏలుతున్న రోజుల్లో, 1964లో అమెరికా దాన్ని లీజు మీద ఆ దేశానికి ఇచ్చింది. రెండోది సింధువీర్. భారత నౌకాదళంలో పనిచేసిన ఈ జలాంతర్గామిని విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో బాగుచేశారు. 2020 అక్టోబర్‌లో దాన్ని మయన్మార్‌కు అప్పగించినట్లు భారత్ ప్రకటించింది. ఆ తర్వాత నాలుగు నెలలు తిరగకముందే మయన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఇచ్చింది ప్రజాస్వామ్య దేశం, పుచ్చుకున్నది సైన్యం మాట చెల్లుబాటయ్యే దేశం. ఓటుతో గెలిచిన ప్రభుత్వం మరో దేశంలో ఓటును తొక్కేసే వాళ్లకు ఆయుధమో, డబ్బో, అంతర్జాతీయ వేదికపై రక్షణో ఇస్తే, అక్కడ జరిగే హింసలో దానికి బాధ్యత ఉంటుందా? ఉంటే ఎంత? ఆ ప్రభుత్వానికి ఓటేసిన వాళ్ల సంగతేమిటి?

ఈ ప్రశ్న ఎప్పుడొచ్చినా మన చర్చ సాధారణంగా అమెరికా మీదికి పోతుంది. 1953లో ఇరాన్, 1954లో గ్వాటెమాలా, 1973లో చిలీ, ఇండోనేషియాలో సుహార్తో, కాంగోలో మొబుటు, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్. జాబితా పెద్దదే. అయితే దక్షిణాసియాలో ఉన్న మనకు దగ్గరి ఉదాహరణలు రెండున్నాయి. ఒకదాంట్లో భారత్ బాధితుల పక్షాన నిలిచింది. రెండోదాంట్లో సమాధానం చెప్పుకోవాల్సిన స్థానంలో ఉంది.

మాట్లాడటం వేరు, మద్దతివ్వడం వేరు

ముందుగా ఒక తేడా గుర్తించాలి. నియంత పాలించే దేశంతో దౌత్య సంబంధాలు పెట్టుకోవడం దానికదే తప్పు కాదు. ప్రపంచంలో చాలా దేశాలు నియంతల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లతో మాట్లాడకపోతే సరిహద్దు గొడవలు తీరవు, ఖైదీలు విడుదల కారు, భూకంపం వచ్చినప్పుడు సహాయక బృందాలు చేరవు.

మద్దతు అంటే అంతకు మించింది. దాన్ని స్థూలంగా నాలుగు మెట్లుగా చూడొచ్చు. మొదటిది గుర్తింపు, అంటే ఆ పాలకుడే ఆ దేశానికి ప్రతినిధి అని ఒప్పుకోవడం. రెండోది గౌరవం కట్టబెట్టడం: రాజ్య అతిథిగా పిలవడం, అతని కవాతుకు ప్రతినిధిని పంపడం. మూడోది అంతర్జాతీయ వేదికలపై అతన్ని కాపాడటం. నాలుగోది డబ్బు, ఆయుధాలు, శిక్షణ, నిఘా సమాచారం ఇవ్వడం. మెట్టు ఎక్కేకొద్దీ బాధ్యత బరువు పెరుగుతుంది.

ఇందులో ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని ప్రత్యేకంగా ఎందుకు నిలదీయాలి? చైనా, రష్యాలు కూడా అదే పని చేస్తున్నాయి కదా అనే ప్రశ్న వస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. ప్రజాస్వామ్య ప్రభుత్వం తన పౌరుల పేరు మీద, వాళ్ల పన్నుల డబ్బుతో పనిచేస్తుంది. అధికారం ప్రజల అంగీకారం నుంచే రావాలన్నది దాని పునాది సూత్రం. పక్క దేశంలో ఆ అంగీకారాన్ని తుపాకీతో రద్దు చేసినవాడికి చేయూతనిస్తే, తాను నిలబడ్డ సూత్రాన్నే కాదన్నట్టు. రెండోది, ఇక్కడ అడిగే అవకాశం ఉంది. పత్రికలు, పార్లమెంటు, కోర్టులు, ఎన్నికలు ఉన్నాయి. మార్చగలిగిన చోట మార్చకపోవడం కూడా ఒక నిర్ణయమే.

ఢాకా, 1971: తెలిసీ చేసిన సాయం

1970 డిసెంబర్‌లో పాకిస్తాన్‌లో వయోజన ఓటు హక్కుతో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో షేక్ ముజిబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ 160 గెలిచింది. దేశం మొత్తం మీద కూడా ఆ పార్టీకే స్పష్టమైన మెజారిటీ వచ్చింది. సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆపరేషన్ సెర్చ్‌లైట్. ఢాకా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులను కాల్చిచంపారు. ఆ తర్వాతి నెలల్లో దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారత్‌కు వచ్చారు. మృతుల సంఖ్య మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. బంగ్లాదేశ్ 30 లక్షలంటుంది. పాకిస్తాన్ నియమించిన హమూదుర్ రెహమాన్ కమిషన్ 26 వేలంది. పలువురు పరిశోధకులు లక్షల్లోనే ఉంటుందని లెక్కగట్టారు.

అప్పట్లో పాకిస్తాన్ సైన్యం చేతిలోని ఆయుధాల్లో పెద్ద భాగం అమెరికావే. 1965 యుద్ధం తర్వాత విధించిన ఆంక్షలను సడలిస్తూ, 1970 అక్టోబర్‌లో నిక్సన్ ప్రభుత్వం ‘ఈ ఒక్కసారికి’ అంటూ మళ్లీ ఆయుధాల అమ్మకానికి ఒప్పుకుంది.

బాధ్యతను తేల్చేటప్పుడు ముందు అడగాల్సింది ‘తెలుసా, తెలియదా’ అనే. వాషింగ్టన్‌కు తెలుసు. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ మార్చి ఆఖరు నుంచే హత్యాకాండ గురించి వరుసగా కేబుళ్లు పంపారు. హిందువులను ఏరి చంపుతున్నారని కూడా రాశారు. ఏప్రిల్ 6న అక్కడి 20 మంది అమెరికా అధికారులు తమ ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకిస్తూ సంతకాలు చేసిన టెలిగ్రామ్ వెళ్లింది. తమ ప్రభుత్వం ప్రజాస్వామ్యం అణచివేతను ఖండించడంలో విఫలమైందని, నైతికంగా దివాలా తీసిందని వాళ్లు అందులో తప్పుపట్టారు. దీనికే తర్వాత ‘బ్లడ్ టెలిగ్రామ్’ అని పేరొచ్చింది. ఢిల్లీలోని అమెరికా రాయబారి కెనెత్ కీటింగ్ కూడా ఇదే మాట చెప్పారు. నిక్సన్ మాత్రం ఏప్రిల్ 28 నాటి ఒక పత్రం మీద, ఇప్పుడు యాహ్యాపై ఒత్తిడి తేవద్దని సిబ్బందికి స్వయంగా చేత్తో రాశారు. బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిపించారు.

చైనా కోసం తప్పలేదా?

నిక్సన్, కిసింజర్ల తరఫున వినిపించే వాదన బలహీనమైనదేమీ కాదు. చైనాతో రెండు దశాబ్దాలుగా మాటల్లేవు. ఆ తలుపు తెరవడానికి మధ్యవర్తి యాహ్యా ఖాన్. 1971 జులైలో కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది ఇస్లామాబాద్ నుంచే. చైనాతో సయోధ్య కుదిరితే ప్రచ్ఛన్న యుద్ధం దిశే మారుతుంది, కోట్ల మందికి మేలు జరుగుతుంది. అలాంటప్పుడు మధ్యవర్తిని ఇబ్బంది పెట్టడం తెలివైన పనేనా అని వాళ్లు అడుగుతారు.

దీనికి సమాధానం సిద్ధాంతాల్లో కంటే తేదీల్లోనే ఎక్కువగా ఉంది. చైనాను చేరడానికి పాకిస్తాన్ ఒక్కటే దారి కాదు, రొమేనియా ద్వారా కూడా సందేశాలు నడిచాయి. పోనీ జులై దాకా యాహ్యా అవసరం ఉందనే అనుకుందాం. కిసింజర్ బీజింగ్ వెళ్లొచ్చాక నేరుగా మాట్లాడుకునే మార్గం ఏర్పడింది. అయినా మద్దతు ఆగలేదు. డిసెంబర్‌లో యుద్ధం మొదలయ్యాక, జోర్డాన్ దగ్గరున్న అమెరికా తయారీ ఎఫ్-104 యుద్ధ విమానాలు పాకిస్తాన్‌కు చేరేలా వైట్‌హౌస్ ప్రోత్సహించింది. అది అమెరికా చట్టానికే విరుద్ధమని సొంత అధికారులు చెప్పినా వినలేదు. ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది.

అంటే ‘తప్పలేదు’ అన్న మాట కొంతకాలానికి వర్తిస్తే వర్తించొచ్చు. ఆ అవసరం తీరాక కూడా మద్దతు కొనసాగితే దాన్ని ఎంపిక అనాలి. నియంతలకు మద్దతును సమర్థించే ఏ వాదననైనా ఇలా కాలంతో పరీక్షించొచ్చు: మీరు చెప్పిన అవసరం ఎప్పటిదాకా? అది తీరాక మీరేం చేశారు?

ఆ దేశ పౌరులు ఏం చేశారు?

1971 కథలో మరో కోణం ఉంది. పాకిస్తాన్‌కు ఆయుధాలు వెళ్లడం లేదని అమెరికా ప్రభుత్వం చెబుతుండగానే, న్యూయార్క్ నుంచి పాక్ నౌకలు సైనిక సామగ్రితో బయల్దేరుతున్నాయని జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. జులైలో పద్మ అనే నౌక బాల్టిమోర్ రేవుకు వచ్చినప్పుడు క్వేకర్లు, వారి మిత్రులు చిన్న చిన్న పడవలతో అడ్డం వెళ్లి అరెస్టయ్యారు. ఫిలడెల్ఫియాలో ఓడరేవు కార్మికులు పాక్ నౌకలకు సరుకు ఎక్కించబోమన్నారు. ఆగస్టు 1న రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో కచేరీ చేశారు. సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ భారత్‌లోని శరణార్థి శిబిరాలకు వచ్చి చూసి, తన దేశ విధానాన్ని తీవ్రంగా విమర్శించారు. సెనేటర్లు ఫ్రాంక్ చర్చ్, విలియం శాక్స్‌బీ పాకిస్తాన్‌కు సాయం ఆపాలంటూ సవరణ తెచ్చారు.

ఈ ప్రయత్నాలేవీ నిక్సన్ మనసు మార్చలేదు. అయినా ఒక మాట తేల్చాయి. ప్రభుత్వం చేసింది మొత్తం దేశం చేసింది కాదు, అడగడం సాధ్యమే అని. 1976లో వచ్చిన ఆయుధాల ఎగుమతి నియంత్రణ చట్టం, 1990ల్లో వచ్చిన లేహీ చట్టం లాంటివి ఇలాంటి నిలదీతల నుంచి పుట్టినవే. మానవ హక్కులను ఘోరంగా ఉల్లంఘించిన సైనిక దళాలకు అమెరికా సాయం అందకూడదని లేహీ చట్టం చెబుతుంది. దాని అమలులో లొసుగులు బోలెడు. అయినా చట్టం ఉండటం వల్ల కనీసం ‘దీన్ని ఎందుకు పాటించలేదు’ అని అడిగే వీలుంది.

మయన్మార్: మాట మార్చిన భారత్

ఇక మన వైపు చూద్దాం. మయన్మార్‌తో భారత్‌కు 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. తెలుగువాళ్లకు అది రంగూన్. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు అక్కడ తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1962లో జనరల్ నీ విన్ అధికారం చేజిక్కించుకుని దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక లక్షల మంది భారత సంతతివారు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ లాంటి పేర్లు ఆ రాకకు గుర్తులు. సైనిక పాలన పొరుగు దేశపు ఇంటి వ్యవహారంగా మిగిలిపోదని ఆ కుటుంబాలకు తెలుసు.

1988లో బర్మాలో ప్రజాస్వామ్య ఉద్యమం లేచినప్పుడు భారత్ దాని పక్షాన నిలిచింది. ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు సైనిక పాలకులను ఘాటుగా విమర్శించేవి. పారిపోయి వచ్చిన విద్యార్థులకు ఆశ్రయం దొరికింది. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీ 392 స్థానాలు గెలిచినా సైన్యం గద్దె దిగలేదు. ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాలలో చదువుకున్న సూచీకి భారత్ 1993వ సంవత్సరపు జవాహర్‌లాల్ నెహ్రూ అవార్డు ప్రకటించింది.

అదే సమయంలో విధానం పక్కకు జరిగింది. 1993లో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ బర్మా వెళ్లొచ్చారు, మరుసటి ఏడాది సరిహద్దు వాణిజ్య ఒప్పందం కుదిరింది. 2004లో సైనిక పాలకుడు థాన్ ష్వేకు ఢిల్లీలో రాజ్య లాంఛనాలతో స్వాగతం పలికారు. 2007 సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు వీధుల్లోకి వచ్చిన రోజుల్లోనే కేంద్ర పెట్రోలియం మంత్రి మురళీ దేవరా గ్యాస్ అన్వేషణ ఒప్పందాల కోసం మయన్మార్‌లో ఉన్నారు. 2010 నవంబర్‌లో భారత పార్లమెంటులో ప్రసంగించిన ఒబామా, ఇలాంటి విషయాల్లో భారత్ తరచూ మౌనం వహిస్తోందని మొహం మీదే అన్నారు. గురివింద గింజ సామెత గుర్తొచ్చినవాళ్లు ఆ రోజు చాలామందే ఉండి ఉంటారు. అయితే చెప్పిన వాడి చరిత్ర బాగాలేనంత మాత్రాన చెప్పిన మాట అబద్ధమైపోదు.

ఈ విధానం ఏ ఒక్క పార్టీదీ కాదు. పీవీ నరసింహారావు హయాంలో మొదలై, వాజ్‌పేయి, మన్మోహన్ సింగ్, నరేంద్ర మోదీ ప్రభుత్వాల్లో కొనసాగింది. అందుకే దీని గురించి పార్లమెంటులో గట్టిగా నిలదీసే ప్రతిపక్షం ఎప్పుడూ లేదు.

2021 తర్వాత ఏం జరిగింది?

2017లో రఖైన్ రాష్ట్రంలో సైనిక దాడుల వల్ల 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. జాతి నిర్మూలన ఆరోపణపై సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్‌తో సహా ఉన్నతాధికారులను విచారించాలని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. సింధువీర్ అప్పగింత దీని తర్వాతిదే. అప్పుడు సూచీ ప్రభుత్వం ఉన్నమాట నిజమే. కానీ 2008 రాజ్యాంగం ప్రకారం సైన్యంపై ఆ ప్రభుత్వానికి పట్టు లేదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం పూర్తిగా అధికారం లాక్కుంది. భారత్ ఆందోళన వ్యక్తం చేసింది. మార్చి 27న నేపీడాలో జరిగిన సాయుధ దళాల దినోత్సవ కవాతుకు ఎనిమిది దేశాల ప్రతినిధులు హాజరయ్యారు. రష్యా, చైనా, పాకిస్తాన్‌లతో పాటు వాటిలో భారత్ కూడా ఉంది. అదే రోజు దేశవ్యాప్తంగా వందమందికి పైగా నిరసనకారులను సైన్యం కాల్చిచంపింది. జూన్‌లో ఐరాస సర్వసభ్య సభ, మయన్మార్‌కు ఆయుధాలు చేరకుండా చూడాలని కోరుతూ తీర్మానం చేసింది. 119 దేశాలు మద్దతిచ్చాయి, భారత్‌తో సహా 36 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. 2022 డిసెంబర్‌లో భద్రతా మండలి తీర్మానానికి 15 మందిలో 12 మంది ఓటేశారు. దూరంగా ఉన్న మూడు దేశాలు చైనా, రష్యా, భారత్.

ఆయుధాల సంగతి 2023 మేలో బయటికొచ్చింది. మయన్మార్‌పై ఐరాస ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ నివేదిక ప్రకారం, తిరుగుబాటు తర్వాత ఆ సైన్యానికి చేరిన ఆయుధాలు, వాటి విడిభాగాలు, ముడిసరుకుల విలువ కనీసం 100 కోట్ల డాలర్లు. ఇందులో రష్యా నుంచి 40.6 కోట్ల డాలర్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్ నుంచి 25.4 కోట్లు, భారత్ నుంచి 5.1 కోట్లు, థాయ్‌లాండ్ నుంచి 2.8 కోట్లు. భారత్ నుంచి సరఫరా చేసిన వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఉన్నాయని నివేదిక పేర్కొంది. రష్యా వాటాతో పోలిస్తే మనది చిన్నదే. కానీ ఎదుటివాడు ఎక్కువ చేశాడన్నది మన లెక్కను కొట్టేయదు. పైగా ప్రభుత్వ రంగ సంస్థ అంటే అందులో వాటాదారు ప్రతి పౌరుడూ.

శరణార్థుల విషయంలో కేంద్రం, రాష్ట్రం చెరో దారి పట్టాయి. సరిహద్దు దాటి వచ్చేవాళ్లను ఆపాలని 2021 మార్చిలో కేంద్ర హోం శాఖ ఈశాన్య రాష్ట్రాలకు లేఖ రాసింది. వాళ్లు తమ రక్తసంబంధీకులని, చూస్తూ ఊరుకోలేమని అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరాంథంగా ప్రధానికి రాశారు. చిన్ రాష్ట్రం నుంచి వచ్చిన 30 వేల మందికి పైగా జనానికి మిజో గ్రామాలు, చర్చిలు, సంఘాలు అన్నం పెట్టాయి. 1971లో బాల్టిమోర్ పౌరులు పడవలతో చేసిన పనిని ఇక్కడ మిజోలు వంటపాత్రలతో చేశారు.

ప్రభుత్వ వాదనల్లో బలమెంత?

ఢిల్లీ వైపు నుంచి ప్రధానంగా నాలుగు వాదనలు వినిపిస్తాయి.

మొదటిది ఈశాన్య భద్రత. నాగా, అస్సాం, మణిపూర్ మిలిటెంట్ల శిబిరాలు మయన్మార్ అడవుల్లో ఉన్నాయి. అక్కడి సైన్యం సహకారం లేకుండా వాళ్లను కట్టడి చేయలేం. ఇది నిజమైన అవసరమే. 2019లో ఉమ్మడి ఆపరేషన్లు జరిగాయి. 2020 మేలో మయన్మార్ 22 మంది మిలిటెంట్లను అప్పగించింది. కానీ తిరుగుబాటు తర్వాత పరిస్థితి మారింది. 2021 నవంబర్‌లో మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ జిల్లాలో అస్సాం రైఫిల్స్ కల్నల్, ఆయన భార్య, కుమారుడు, నలుగురు జవాన్లు మిలిటెంట్ల దాడిలో చనిపోయారు. అలాంటి సంస్థల్లో కొన్నింటిని మయన్మార్ సైన్యమే తన ప్రత్యర్థులపై వాడుకుంటోందని ఆ తర్వాత పలు కథనాలు వచ్చాయి.

రెండోది చైనా. మనం తప్పుకుంటే ఆ ఖాళీలోకి చైనా వస్తుందంటారు. మనం తప్పుకోకపోయినా చైనా వచ్చింది. సైన్యంతోనూ, సరిహద్దుల్లోని సాయుధ సంస్థలతోనూ ఏకకాలంలో బేరమాడుతోంది.

మూడోది ప్రాజెక్టులు. 2008లో ఒప్పందం కుదిరిన కలదాన్ మార్గం కోల్‌కతాను సిట్వే రేవు ద్వారా మిజోరంతో కలపాలి. సిట్వే రేవు 2023లో మొదలైంది. కానీ ఆ దారిలో కీలకమైన పలేట్వా పట్టణాన్ని 2024 జనవరిలో అరాకాన్ ఆర్మీ స్వాధీనం చేసుకుంది. రఖైన్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు సైన్యం చేతిలో లేదు. జనరళ్లు ఇచ్చిన హామీని నిలబెట్టే శక్తి జనరళ్లకే లేకపోయింది.

నాలుగోది ఇతర దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం. పంచశీల కాలం నుంచి మనం చెబుతున్న సూత్రమిది. మంచి సూత్రమే. కానీ జోక్యం చేసుకోకపోవడం అంటే ఎవరి పక్షానా లేకపోవడం. ఒక పక్షానికి ఆయుధ సామగ్రి అమ్ముతూ జోక్యం లేదనడం కుదరదు.

స్థిరత్వం పేరుతో నియంతను భరించడం వల్ల స్థిరత్వమూ దక్కదని తెలుగు కుటుంబాలకు మరో రూపంలో తెలిసొచ్చింది. మయన్మార్ సరిహద్దు పట్టణం మ్యావడీ చుట్టుపక్కల సైబర్ మోసాల ముఠాలు వేళ్లూనుకున్నాయి. ఉద్యోగాల ఆశతో వెళ్లి అక్కడ చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యువకులు కూడా ఉన్నారు. ఆ ముఠాలకు నీడనిచ్చింది సైన్యంతో పొత్తులో ఉన్న స్థానిక సాయుధ దళాలే.

బంగ్లాదేశ్ మరో పాఠం. షేక్ హసీనా ఎన్నికైన నేతే. కానీ 2014, 2024 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, 2018 పోలింగ్‌పై తీవ్రమైన రిగ్గింగ్ ఆరోపణలు వచ్చాయి. మూడుసార్లూ ఢిల్లీ ఆమెకు అండగానే నిలిచింది. 2024 ఆగస్టు 5న ఆమె దేశం విడిచి భారత్‌కు వచ్చేనాటికి అక్కడి యువతలో కోపం ఆమె మీద ఎంతుందో భారత్ మీదా దాదాపు అంత ఉంది. 1971లో సంపాదించిన సద్భావం అలా కరిగిపోయింది.

చట్టం ఏమంటోంది?

అంతర్జాతీయ చట్టంలో దీనికి ఒక కొలమానం ఉంది. ఐరాస అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో ఖరారు చేసిన రాజ్య బాధ్యత నిబంధనల్లో 16వది ప్రకారం, ఒక దేశం చేసే చట్టవిరుద్ధ చర్యకు పరిస్థితులు తెలిసి సాయం చేసిన దేశం కూడా బాధ్యత వహించాలి. ఇక్కడ కీలకం ‘తెలిసి’ అన్న మాట. 2014లో అమల్లోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒప్పందం, జాతి నిర్మూలనకు, యుద్ధ నేరాలకు వాడతారని తెలిస్తే ఆయుధాలు అమ్మకూడదంటుంది. భారత్ ఈ ఒప్పందంలో చేరలేదు.

దేశీయంగా చూస్తే, రాజ్యాంగంలోని 51వ అధికరణ అంతర్జాతీయ శాంతిని, అంతర్జాతీయ చట్టం పట్ల గౌరవాన్ని పెంపొందించాలని రాజ్యాన్ని కోరుతుంది. అది ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టులో అమలు చేయించలేం. ఆయుధాల ఎగుమతికి ముందు పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నియమం లేదు. ఇజ్రాయెల్‌కు సైనిక ఎగుమతులు ఆపాలన్న పిటిషన్‌ను 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం ప్రభుత్వ పరిధిలోని అంశమని చెప్పింది. అంటే పార్లమెంటు అడగదు, కోర్టు కలగజేసుకోదు. మిగిలింది పత్రికలు, పౌరులు.

బాధ్యతను కొలిచే ఐదు ప్రశ్నలు

ఏ ప్రభుత్వం ఏ నియంతకు మద్దతిచ్చినా ఈ ఐదు ప్రశ్నలు వేసుకుంటే బాధ్యత ఎంతో ఒక అంచనాకు రావచ్చు.

1. ఇచ్చిందేమిటి? ఆహారం, మందులు, చర్చలకు కుర్చీ ఒక కోవ. తుపాకీ, రాడార్, ఓటింగ్‌లో రక్షణ మరో కోవ. 2025 మార్చి భూకంపం తర్వాత భారత్ ఆపరేషన్ బ్రహ్మ పేరుతో పంపిన సహాయం మొదటి కోవలోకి వస్తుంది. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు.

2. ఇచ్చినప్పుడు తెలుసా? 1971లో వాషింగ్టన్‌కు సొంత అధికారులే చెప్పారు. 2021 తర్వాత మయన్మార్‌లో ఏం జరుగుతోందో మన సరిహద్దు గ్రామాలకే కనిపిస్తోంది.

3. వేరే దారి ఉందా? ఉండి కూడా వాడకపోతే ‘తప్పలేదు’ అనే వాదన నిలవదు. మయన్మార్‌లో జాతీయ ఐక్య ప్రభుత్వం, చిన్, అరాకాన్ సంస్థలు లాంటి ఇతర పక్షాలున్నాయి. భారత్ వాటిలో కొన్నింటితో మాట్లాడటం మొదలుపెట్టింది కూడా.

4. మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? జాతీయ ప్రయోజనం మనది, ప్రాణాలు వాళ్లవి. తిరుగుబాటు తర్వాత మయన్మార్‌లో సైన్యం చేతిలో చనిపోయిన పౌరులు 6 వేలకు పైగా ఉన్నారని రాజకీయ ఖైదీల సహాయ సంఘం నమోదు చేసింది. ఇళ్లు వదిలినవాళ్లు 30 లక్షలకు పైనే.

5. సొంత ప్రజలకు చెప్పారా? చేసింది సరైనదే అయితే దాచాల్సిన పనేముంది? 1971లో నౌకల సంగతి పత్రిక బయటపెట్టాల్సి వచ్చింది. 5.1 కోట్ల డాలర్ల లెక్క మనకు ఐరాస ప్రతినిధి చెప్తేగానీ తెలియలేదు.

ఒప్పుకోవడం వల్ల ఏమొస్తుంది?

1999 మార్చిలో బిల్ క్లింటన్ గ్వాటెమాలా వెళ్లి, అణచివేతకు పాల్పడిన సైన్యానికి తమ దేశం మద్దతివ్వడం తప్పన్నారు. 2000లో విదేశాంగ మంత్రి మడెలైన్ ఆల్‌బ్రైట్, 1953లో ఇరాన్ ప్రధాని మొసాదిఘ్‌ను కూలదోయడంలో అమెరికా పాత్రను అంగీకరించారు. 2005లో కైరోలో కాండొలీజా రైస్, అరవై ఏళ్లు ప్రజాస్వామ్యాన్ని పణంగా పెట్టి స్థిరత్వం కోరుకున్నామని, చివరికి రెండూ దక్కలేదని చెప్పారు. ఆ తర్వాత కూడా అమెరికా ఈజిప్టు సైనిక పాలకులకు సాయం చేస్తూనే ఉంది. కాబట్టి ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు. కానీ పత్రాలు బయటికి వచ్చాయి, చరిత్ర నమోదైంది, తర్వాతి తరం పేరు పెట్టి అడగగలుగుతోంది. బంగ్లాదేశ్ విషయంలో మాత్రం అలాంటి మాట అమెరికా అధ్యక్షుడెవరూ ఇంకా అనలేదు.

భారత్ దగ్గర అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కాదు. మయన్మార్ సైన్యానికి ఆయుధాలు, వాటి విడిభాగాల ఎగుమతి ఆపొచ్చు. ఇప్పటివరకు ఏం అమ్మారో పార్లమెంటు ముందు పెట్టొచ్చు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లను వెనక్కి నెట్టకుండా ఒక శరణార్థి చట్టం చేయొచ్చు. జనరళ్లతో మాట్లాడుతూనే వాళ్లకు గౌరవం కట్టబెట్టకుండా ఉండొచ్చు. వీటిలో దేనివల్లా ఈశాన్య భద్రతకు భంగం రాదు.

1971లో కోటి మందిని ఆదుకున్నామని మనం గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడాల్సిందే. అప్పుడు అమెరికాను మనం ఒకే ప్రశ్న అడిగాం: అక్కడేం జరుగుతోందో తెలిసీ ఆ సైన్యానికి ఆయుధాలు ఎలా ఇస్తున్నారు? ఇప్పుడు చిన్ కొండల నుంచి మిజోరం శిబిరాలకు చేరిన జనం మనల్ని అదే ప్రశ్న అడగొచ్చు. దానికి జవాబు ఢిల్లీలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా బాకీయే.